కొసరు

సముద్రం లేని దేశానికి నౌకాదళమా అని
నవ్వేవాళ్ళకి జవాబు చెప్పే ఉద్యోగం
ఇరవై ఆరేళ్ళు చేశాను.
మబ్బులకి పక్కింట్లో ఉన్నట్టుండే టికికాకా సరస్సు మీద
పెదాలు పగిలే చలిలో పడవలు నడిపాం.
ఏటా మార్చిలో, తాతల నాడు పోయిన తీరం మాదేనని
దుమ్ము రోడ్ల మీద కవాతు చేశాం.
ముందు నడిచేది నేను. కత్తి నా చేతిలో.

కత్తి శుక్రవారం అప్పగించాను.
స్టోరు గుమాస్తా ఒక్కో పేరూ చదివాడు:
దిక్సూచి ఒకటి. బైనాక్యులర్స్ ఒకటి. కంబళ్ళు రెండు.
"ఈల?"
ఈల లేదు.
గాలివాన రాత్రి చుయ్మా అనే కుర్రాడు నీళ్ళలో పడితే
ఊదీ ఊదీ ఎక్కడో జారవిడిచాను.
కుర్రాడు దొరికాడు, దగ్గుతూ. ఈల దొరకలేదు.
అది రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.
పద్దెనిమిది బొలీవియానోలు కోసి ముద్ర వేశాడు.

గేటు దగ్గర కాపలావాడి చెయ్యి
నుదుటిదాకా లేవబోయి, నా స్వెటరు చూసి ఆగింది.
నా చెయ్యీ అలాగే లేచి
జుట్టు సర్దుకుంది.

ఎల్ ఆల్తోలో మా వదిన ఫ్లోరెంతినాది
ఇనప సామాన్ల కొట్టు.
"ఊరికే కూచుంటే తుప్పు పడతావు" అని
గల్లాపెట్టె ముందు కూలేసింది.
మొదటి వారం
రెండు మరలు కొన్నవాడికీ మూడు ప్రతుల రసీదు రాశాను.
మేకుల్ని పొడుగు వారీగా నిలబెట్టాను.
మనుషులు నిలబడరు.
మోచేతులతో వస్తారు,
ముందు ధర అడుగుతారు, తర్వాత వస్తువు,
ఆ తర్వాత నా ఊరూ, అత్తగారి ఊరూ.
కెప్టెన్ అనరు. "ఓ కొట్టాయనా" అంటారు.

నాలుగింటికి మెలకువ ఇప్పటికీ తప్పదు.
దుప్పటి అంచులు కొలిచినట్టు మడిచి
తర్వాతేం చెయ్యాలో తోచక
విప్పుకుని మళ్ళీ పడుకుంటాను.
ఇలారియా కళ్ళు తెరవకుండానే
"ఎవరికి చూపిస్తావు?" అంటుంది.

నిన్నొక ముసలమ్మ వచ్చింది.
గుండ్రటి టోపీ అంచున వడగళ్ళు ఇంకా కరగలేదు.
కోళ్ళగూటికి అరకిలో మేకులు.
తూచాను. ముల్లు నిటారుగా నిలబడింది.
పొట్లం కట్టి ఇచ్చాను.
చాపిన చెయ్యి అలాగే ఉంది.
"కొసరు?"
"తూకం సరిగ్గా ఉందమ్మా."
"సరిగ్గా ఉన్నదానికి డబ్బిచ్చాను.
ఇప్పుడు కొసరు అడుగుతున్నాను."

నాకెవరూ కొసరు వెయ్యలేదు.
రొట్టె లెక్క, బూట్లు లెక్క, తూటా లెక్క.
పెళ్ళికి ఆరు రోజులు, అమ్మ పోతే నాలుగు.
అయిదో రోజు అమ్మ పోనట్టే.
నేనూ ఎవరికీ వెయ్యలేదు.
ఆ చుయ్మాయే, గాలివానకి నెల ముందు,
కూతురు పుట్టింది, ఇంకొక్క రోజు, అన్నాడు.
నిబంధన చదివి వినిపించాను.
బాగా చదువుతాను నేను. గొంతు పెద్దది.

గుప్పెట్లోకి మేకులు తీశాను.
లెక్కపెట్టబోయాను.
ఆమె చూస్తోంది.
లెక్కపెట్టకుండా పొట్లంలో పోశాను.
ఒకటి జారి బల్ల కిందికి దొర్లింది.
అది కూడా ఆవిడే వంగి తీసుకుంది,
దండం లేదు, దీవెన లేదు,
తనకి రావలసిందే వచ్చినట్టు.

లోపల్నుంచి వదిన:
"గుప్పెడా! కొట్టు ముంచుతావా?
మూడు వెయ్యి. మూడు చాలు."

మూడు.
"అలాగే" అన్నాను.
బల్ల కింద, ఎవరికీ కనపడకుండా,
నా మడమలు రెండూ దగ్గరికొచ్చి
టక్కుమన్నాయి.